శివపూజకు కోసిన మూడాకులు: నేపర్‌విల్ వాగు ఒడ్డున ఒక సోమవారం

ఈ ప్రయాణానికి మూలం ఒక పీత. ఎనభైల మొదట్లో నేను కాకినాడ దగ్గర మడ అడవుల పక్కనున్న ఒక పల్లె హైస్కూల్లో సైన్సు టీచరుని. మా బడిలో తెలుగు చెప్పే టీచరుగారి అక్క వసంత గారు అమెరికాలో, షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో ఉండేవారు. ఆవిడ కూతురు సుమ చదివే బడిలో మార్గరెట్ అనే టీచరు పిల్లల్ని నెలకోసారి వాగు దగ్గరికి తీసుకెళ్ళి, అక్కడి నీళ్ళు, పురుగులు, పిట్టలు చూపించి, చూసినవి రాయించేది. ఇంకో దేశంలో ఏదైనా బడి ఇదే పని చేస్తే రెండు బళ్ళ కాగితాలూ మార్చుకుందామని ఆవిడ వెతుకుతోందని కబురొచ్చింది. నేను మా పిల్లల్ని బడి వెనకున్న ఉప్పుటేరు గట్టున కూర్చోబెట్టాను. వాళ్ళు పంపిన మొదటి ఉత్తరంలో చెట్టెక్కే పీత బొమ్మ వేశారు. అవతలి పిల్లలు నమ్మలేదు. పీత చెట్టెక్కడమేమిటి, మీ టీచరు వచ్చి చెబితే అప్పుడు నమ్ముతాం అని రాశారు.

రెండేళ్ళ తర్వాత ఉపాధ్యాయుల మార్పిడి పథకం కింద నాకు నిజంగానే మూడు వారాల పిలుపు వచ్చింది. దానితో పాటు మార్గరెట్ ఉత్తరం కూడా వచ్చింది. వాగు చదువు పిల్లలకు ప్రమాదమని కొందరు తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారట. సెప్టెంబరులో ఒక సోమవారం సాయంత్రం బడి బోర్డు సమావేశమై, వాగు దగ్గరికి వెళ్ళడం కొనసాగించాలా మానాలా అని ఓటు వేస్తుందట. అది ఆగిపోతే మా పిల్లలతో ఉత్తరాలు కూడా ఆగిపోతాయి. "మీరు ఆ రోజుకు ఇక్కడ ఉంటే, వచ్చి మాట్లాడితే మాకు బలం" అని రాసింది. మా ఊరి పిల్లలు పోస్టుమాన్ సైకిలు గంట కోసం ఎలా చెవులు రిక్కించి కూర్చుంటారో నాకు తెలుసు. వెళ్ళకుండా ఎలా ఉంటాను?

ఇప్పుడు ఇల్లినాయ్ వెళ్ళి వాగుల వెంట నడవాలనుకునేవారు నన్ను దారి అడుగుతుంటారు కాబట్టి ఆ సంగతి కూడా చెబుతాను. ఆదివారం మధ్యాహ్నం షికాగోలో విమానం దిగాను. అక్కడి నుంచి బస్సులో నగరం మధ్యకు, అక్కణ్ణుంచి పెద్ద రైల్వే స్టేషన్‌కు నడక. నేపర్‌విల్‌కు రెండంతస్తుల రైలు ఉంటుంది, గంట ప్రయాణం. అప్పట్లో టికెట్టు మూడు డాలర్ల లోపే అయిందని గుర్తు, డాలరు పది రూపాయలుండేది. ఇప్పటి ధర మీరే చూసుకోండి. ఆదివారం రైళ్ళు తక్కువ కాబట్టి వేళలు ముందే కనుక్కోవాలి. పై అంతస్తులో కిటికీ పక్కన కూర్చుంటే ఊళ్ళు అయిపోయి చేలు మొదలయ్యే చోటు బాగా కనిపిస్తుంది. స్టేషన్‌కు వసంత గారు కారులో వచ్చారు. భర్త ఇంజనీరు, ఆ వారం పని మీద వేరే ఊరు వెళ్ళారు.

ఇక్కడే నా ఘనకార్యం మొదలైంది. కాఫీ తాగుతూ వసంత గారు మర్నాటి పూజ గురించి చెప్పారు. "ఇక్కడ అన్నీ దొరుకుతాయండీ, మారేడు దళం తప్ప. సోమవారం వస్తే నాకు అదొక్కటే వెలితి. ఏదో ఒక ఆకు పెట్టి అడ్జస్ట్ అయిపోతన్నా." ఇంకా వెలుతురు ఉంది కదా అని నేను ఇంటి వెనక్కు నడిచాను. కంచె మీద ఒక తీగ పాకి ఉంది. ఒక్కో కాడకు మూడేసి ఆకులు, పచ్చగా నిగనిగలాడుతూ, అచ్చం దళంలాగే ఉన్నాయి. అది మారేడు కాదని నాకు తెలుసు, నేను వృక్షశాస్త్రం చదువుకున్న మనిషిని. కానీ మూడాకుల దళమే కదా, మనసు ముఖ్యం కదా అనుకున్నాను. కొంగు పట్టి పాతిక దళాలు కోశాను. అలవాటు ప్రకారం ఒక ఆకు నలిపాను కూడా. వాసన చూడబోతుంటే వసంత గారు భోజనానికి పిలిచారు కాబట్టి నా ముక్కు దక్కింది.

సోమవారం ఉదయం ఆరున్నరకు వసంత గారు ఆ దళాలతో పూజ చేసుకున్నారు. చిన్న అలమారలో శివలింగం పచ్చని ఆకుల కింద మునిగిపోయింది. "పదకొండేళ్ళయిందండీ, ఇంత తృప్తిగా పూజ చేసి" అని ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. సుమ అప్పటికింకా నిద్ర లేవలేదు. నేను మాత్రం వచ్చిన మర్నాడే ఇంటావిడకు ఇంత సంతోషం కలిగించానని లోలోపల పొంగిపోయాను.

తొమ్మిదిన్నరకు బడి ముందు పసుపుపచ్చ బస్సు ఎక్కాం. సుమతో కలిపి ఇరవై మందికి పైగా పిల్లలు, మార్గరెట్, నేను. మార్గరెట్‌కు యాభై ఏళ్ళుంటాయి, మగవాళ్ళ బూట్లు వేసుకుని మనిషి గడకర్రలా నిటారుగా ఉంటుంది. డ్రైవరు హ్యాంక్ నా చీర కుచ్చిళ్ళ వైపు చూసి, "అమ్మా, అక్కడ బురద ఉంటుంది, చెబుతున్నా" అన్నాడు. మా ఊళ్ళో మోకాలి లోతు బురదలో పాఠం చెబుతానన్నాను. "అయితే మీరు మా వాళ్ళే" అని నవ్వి తలుపు వేశాడు. దారి పావుగంటే. మొక్కజొన్న చేలు దాటాక ఒక మట్టిరోడ్డు చివర దింపాడు.

అక్కడి గడ్డి పిల్లల తలల కంటే ఎత్తుగా ఉంది. ఆ ప్రాంతమంతా ఒకప్పుడు ఇలాంటి గడ్డి సముద్రమేనట, దున్నగా మిగిలిన ముక్క అదొక్కటే. సెప్టెంబరులో వెళ్ళడం నా అదృష్టం. పసుపు పూలు విరగబూసి, నారింజరంగు సీతాకోకచిలుకలు దక్షిణానికి వలస పోతూ వాటి మీద ఆగి ఆగి వెళుతున్నాయి. గడ్డి దాటితే వాగు. చీలమండల లోతు నీళ్ళు, కింద గులకరాళ్ళు. పిల్లలు ఇళ్ళలోంచి తెచ్చిన పిండి జల్లెడలతో పురుగులు పట్టి తెల్లటి పళ్ళెంలో వేసి, లెక్క రాసుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తున్నారు. రాయి ఎత్తితే ఎలా ఉన్నది అలాగే పెట్టాలి. ఈ పురుగు కనిపిస్తే నీళ్ళు మంచివి, అది కనిపిస్తే చెడ్డవి అని ఒక పిల్లవాడు నాకు వివరించాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న ఇన్‌స్పెక్టరులా చెప్పాడు. నాకు గొప్ప ఆనందం వేసింది.

చెట్టెక్కే పీత గురించి గంటసేపు అడిగారు. అది ఎలా ఎక్కుతుందో నేను నాలుగు వేళ్ళతో ఓక్ చెట్టు మొదలు మీద చూపించబోయాను. వెనక నుంచి సుమ గట్టిగా అరిచింది.

"ఆంటీ, నో! అది టచ్ చెయ్యకు! పాయిజన్ ఐవీ!"

ఆ చెట్టుకు పాకిన తీగకు కాడకు మూడేసి ఆకులు. నిగనిగలాడుతూ.

"మూడాకులుంటే ముట్టుకోవద్దు" అని పిల్లలంతా ఒక్కసారే పాటలా అందుకున్నారు. ఒకటో తరగతిలోనే నేర్పుతారట. దాని రసం తగిలితే ఒళ్ళు పొక్కులు తేలుతుందని సుమ చెప్పింది. నేను నా కుడి చెయ్యి చూసుకున్నాను. పొద్దుటి నుంచి వేళ్ళ సందుల్లో ఒకటే దురద. చలిగాలికి చర్మం ఎండిందేమో అనుకుంటున్నాను.

"సుమా, ఇది మీ ఇంటి వెనక కంచె మీద కూడా ఉందా?"

"యా, చాలా ఉంది. డాడీ తీసేస్తా అన్నాడు. వై? ఆంటీ, నువ్ అది పట్టుకున్నావా?"

"పట్టుకోవడం ఏమిటమ్మా. మీ అమ్మ చేత పూజ చేయించాను."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, ఆ సామెత నా కోసమే పుట్టింది. పదిహేనేళ్ళు మొక్కల గురించి పాఠాలు చెప్పినదాన్ని, పదకొండేళ్ళ పిల్ల ముందు నిలబడి దోషిలా చేతులు చూపించాను. మార్గరెట్ వచ్చి చూసింది. ఆవిడ ముఖంలో రక్తం లేదు. పోయిన వసంతంలో వాగు దగ్గర ఒక పిల్లవాడికి సరిగ్గా ఈ ఆకే తగిలి వారం రోజులు బడికి రాలేదు. ఫిర్యాదు మొదలైంది ఆ తల్లి నుంచే. ఆ రాత్రి ఓటు పడబోతున్నది సరిగ్గా ఈ ఆకు మీదే.

"మిమ్మల్ని రావద్దని నేను అనను" అంది మార్గరెట్ మెల్లగా. "కానీ ఆ చేతులు చూస్తే మన ఓటు పోతుంది."

బడికి చేరగానే వసంత గారికి ఫోన్ చేశాం. ఆవిడకు అప్పటికే మణికట్టు ఎర్రబడింది. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ చేతులకు రొట్టె ప్యాకెట్ల కవర్లు తొడుక్కుని అలమార ముందు కూర్చుని ఉన్నారు. ఆ ఆకులు కాల్చకూడదు, పొగ పీల్చినా ప్రమాదమట. నిర్మాల్యాన్ని చెత్తలో వెయ్యడానికి ఆవిడకు మనసు ఒప్పలేదు. చివరకు కంచె దగ్గరే ఎవరూ తొక్కని మూలలో గొయ్యి తీసి కప్పెట్టాం. నేను క్షమాపణ చెప్పబోతే ఆవిడ నవ్వేశారు.

"ఆయనకేముందండీ, గరళమే మింగి కూర్చున్నాడు. దురద మనకే. ముందు కూర్చోండి, ఇక్కడి దోసకాయ లాంటి జుకీనీతో పప్పు చేశాను, తినండి. స్పూన్‌తోనే తినాలి ఇవ్వాళ!"

రెండు చేతులకూ గులాబీరంగు మందు పూసుకుని, చెంచాతో పప్పన్నం తిన్నాను. తిన్నానే గానీ మనసంతా సాయంత్రం మీదే ఉంది. పెట్టెలో మా పిల్లలు గీసి పంపిన పటం ఉంది, ఉప్పుటేరు మొదలు నుంచి సముద్రం దాకా ఏ చెట్టు ఎక్కడుందో గుర్తులు పెట్టినది. అది చూపించి మాట్లాడాలని రెండు నెలలు సాధన చేశాను. ఇప్పుడు నోరు విప్పితే చేటు, విప్పకపోతే అన్యాయం. పొడుగు చేతుల స్వెట్టరు ఇస్తాను, వేసుకుని చేతులు దాచుకోండి అన్నారు వసంత గారు. తేలు కుట్టిన దొంగలా కూర్చోవడం ఒక్కటే దారనిపించి దాన్ని తీసుకున్నాను.

మూడు గంటలకు బడి లైబ్రరీకి వెళ్ళాను, కనీసం ఆ దిక్కుమాలిన మొక్క ఏమిటో తెలుసుకుందామని. మార్గరెట్ ఒక మొక్కల పుస్తకం తీసి ఇచ్చింది. బొమ్మ కింద దాని కుటుంబం పేరు ఉంది. చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అది జీడిమామిడి కుటుంబం. అంటే మన మామిడికి, జీడికి స్వయానా చుట్టం! మామిడికాయ ముచ్చిక దగ్గర కారే సొన మూతికి తగిలి పుండు పడని పిల్ల మన దేశంలో ఉంటుందా? జీడిపిక్కల రసానికి వేళ్ళు కాలని కూలీ ఉంటుందా? ఈ తీగలో ఉన్నదీ అలాంటి సొనే. చిన్నప్పటి నుంచి మామిడి సొన తగిలి తగిలి ఒంటికి అది ముందే పడకుండా అయింది కాబట్టే నాకు ఇంత తొందరగా పొక్కిందని అర్థమైంది. అమెరికా పిల్లలకు ఒక నియమం తెలుసు, మా పిల్లలకు ఒక నియమం తెలుసు. రెండూ ఒకే వంశం గురించి అని ఇద్దరికీ తెలియదు. ఇంటికి వెళ్ళగానే స్వెట్టరు మడిచి వసంత గారికి తిరిగి ఇచ్చేశాను.

సమావేశం ఏడు గంటలకు, బడి లైబ్రరీలోనే. పెద్దలతో పాటు పిల్లలూ వచ్చారు, మడత కుర్చీలు చాలక కొందరు గోడల వెంట నిలబడ్డారు. ఏడుగురు బోర్డు సభ్యులు పొడవాటి బల్ల వెనక కూర్చున్నారు. మొదట ఆ పిల్లవాడి తల్లి మాట్లాడింది. దురుసు మనిషి కాదు. కొడుకు వారం రోజులు నిద్రపోలేదని, వాడి కళ్ళు వాచి మూసుకుపోయాయని చెప్పింది. "చెట్లూ పురుగులూ పుస్తకంలో బొమ్మలు చూపించి నేర్పితే చాలదా? అసలక్కడికి ఎందుకు తీసుకెళ్ళాలి?" అని అడిగింది. చాలామంది తలలు ఊపారు. మార్గరెట్ నీళ్ళ లెక్కలు, పురుగుల లెక్కలు చూపించింది. ఎవరూ కదల్లేదు. తర్వాత నా పేరు పిలిచారు.

నా ఇంగ్లీషు పుస్తకాల ఇంగ్లీషు. సాధన చేసిన ప్రసంగం పక్కన పెట్టి, గులాబీరంగు మందు పూసిన రెండు చేతులూ పైకెత్తాను. గదంతా గుసగుసలు. బోర్డు అధ్యక్షుడు ముందుకు వంగి చూశాడు.

"ఇది ఇవాళ వాగు దగ్గర తగిలింది కాదండీ" అన్నాను. "నిన్న ఇంటి కంచె దగ్గర, నా చేతులారా కోసుకున్నాను. మా దేశంలో మూడాకుల దళం దేవుడికి ఇష్టం. దేవుడి పూజకు కోశాను." కొందరు నవ్వారు. ఆ తల్లి నవ్వలేదు, నా చేతుల వైపే చూస్తోంది. "అమ్మా, మీరు పుస్తకంలో బొమ్మలు చాలవా అని అడిగారు. నేను పుస్తకంలో బొమ్మలతోనే నేర్చుకున్నాను. ఈ మొక్క కుటుంబం బొమ్మ పదిహేనేళ్ళుగా నల్లబల్ల మీద గీస్తున్నాను, కళ్ళు మూసుకుని గీయగలను. అది నా ఎదురుగా కంచె మీద కూర్చుంటే గుర్తు పట్టలేదు. ఇవాళ పొద్దున అదే మొక్క మీద మళ్ళీ చెయ్యి వెయ్యబోతే, ఒక పదకొండేళ్ళ పిల్ల పది అడుగుల దూరం నుంచి చూసి ఆపింది. ఆ పిల్ల రెండేళ్ళుగా వాగు దగ్గరికి వెళుతోంది. మా ఇద్దరిలో ఎవరు క్షేమంగా ఉన్నట్టో మీరే చెప్పండి."

ఆ తర్వాత మామిడి సొన సంగతి చెప్పాను. సుమను, ఇంకో ఇద్దరు పిల్లలను లేపి మా పిల్లల పటం పట్టుకోమన్నాను. మా ఊళ్ళో మామిడి తోపు ఎక్కడుందో, జీడి తోట ఎక్కడుందో దాని మీద చూపించాను. మీ కంచె మీది తీగ మా తోటల చుట్టమేనని, ఈ సంగతి ఇవాళ్టి దాకా రెండు బళ్ళలో ఎవరికీ తెలియదని, ఈ ఉత్తరాలు లేకపోతే ఇక ఎప్పటికీ తెలియదని చెప్పాను. అధ్యక్షుడు సుమను అడిగాడు, "నువ్వు ఎలా గుర్తు పట్టావమ్మా?" అని. సుమ భుజాలెగరేసి, "ఐ జస్ట్ నో. అది అక్కడ ఉంటుంది కదా" అంది, సగం ఇంగ్లీషు సగం తెలుగు కలిపి. ఆయనకు సగమే అర్థమైనా సరిపోయింది.

ఓటు పెట్టారు. ఒక్కొక్కరు చెయ్యి ఎత్తుతుంటే నేను పొక్కుల సంగతి మరిచిపోయి వేళ్ళు గట్టిగా నలుపుకున్నాను. అయిదుగురు కొనసాగించాలన్నారు, ఇద్దరు వద్దన్నారు. పిల్లలు కుర్చీల మీదికెక్కి కేకలు పెట్టారు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ హ్యాంక్ టోపీ తీసి గాలిలోకి విసిరాడు, అది పుస్తకాల బీరువా మీద పడింది. నిటారు మనిషి మార్గరెట్ వంగి, నా చేతులు ముట్టుకోకుండా భుజాలు పట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, సిగ్గు పడలేదు. అందరూ వెళుతుంటే ఆ తల్లి నా దగ్గరికి వచ్చి అడిగింది: "వచ్చే నెల వాగు దగ్గరికి మా వాడితో పాటు నేనూ రావచ్చా? నాకూ ఆ తీగను గుర్తు పట్టడం రాదు." మార్గరెట్ అక్కడికక్కడే ఆవిడ పేరు రాసుకుంది.

ఆ విజయం ఎంత గొప్పదో నాకు మా ఊరు తిరిగొచ్చాకే తెలిసింది. వచ్చిన వారమే పిల్లల్ని ఉప్పుటేరు గట్టు మీద కూర్చోబెట్టి, మీ ఇళ్ళలో ముట్టుకోవద్దని చెప్పే చెట్లేమిటో చూపించండి అన్నాను. ఒక జాలరి పిల్ల లేచి, నేను ఎప్పుడూ నీడ కోసం నిలబడే చెట్టునే చూపించింది. "అది తిల్ల చెట్టండీ టీచరుగారూ. దాని పాలు కంట్లో పడితే చూపు పోద్దంటారండి మా నాన్న. మీరు రోజూ దాని కిందే నిలబడతారు కదండీ, మీకు తెలుసనుకున్నాం" అంది. పదిహేనేళ్ళు అక్కడే నిలబడ్డాను. ఒక్క పిల్లా చెప్పలేదు, ఎందుకంటే ఒక్కసారి కూడా నేను అడగలేదు. టీచరంటే చెప్పే మనిషే తప్ప అడిగే మనిషి కాదని అనుకున్నాను. నేపర్‌విల్‌కు మా పిల్లలు పంపిన తర్వాతి ఉత్తరం నిండా తిల్ల చెట్టే, సంతకం మొదట ఆ జాలరి పిల్లదే. ఆ ఉత్తరం పోస్టు చేసిన రోజు నాకు ఉద్యోగంలో చేరిన రోజుకంటే గర్వంగా అనిపించింది.

ఇల్లినాయ్ వాగుల వెంట నడవబోయేవారికి ఒకే ఒక్క సలహా. మూడేసి ఆకుల తీగ తగిలిందని అనుమానం వస్తే పది నిమిషాల్లో సబ్బుతో, చల్లటి నీళ్ళతో కడుక్కోండి, ఒంటి మీది బట్టలు కూడా ఉతికించండి. అసలు తగలకూడదనుకుంటే మాత్రం, ఆ ఊళ్ళో పెరిగిన పిల్ల ఎవరైనా తోడు వస్తానంటే ఆ పిల్లను ముందు నడవనివ్వండి. మీరు ఎన్ని డిగ్రీలు చదివినా సరే, వెనకే నడవండి.